బుచ్చమ్మ పుట్టిల్లు

బీఏలో కన్యాశుల్కం మాకు పాఠ్యపుస్తకం. అప్పుడు గిరీశం మాటలకు పడీ పడీ నవ్వుకున్నాం. ఈమధ్య మళ్ళీ చదివితే నా మనసు కృష్ణరాయపురం అగ్రహారంలో, అగ్నిహోత్రావధానులు గారింట్లో చిక్కుకుపోయింది.

గురజాడ ఈ నాటకాన్ని 1892లో విజయనగరంలో ఆడించారు. 1897లో అచ్చయింది. ఇప్పుడు మనం చదివేది 1909లో బాగా పెంచి తిరగరాసినది. అంతకుముందే ఆనందగజపతి మహారాజు విశాఖ జిల్లాలో డబ్బు పుచ్చుకుని చేసిన పెళ్ళిళ్ళను లెక్క కట్టించారు. మూడేళ్ళలో 1,034 తేలాయి. వాటిలో ఏడాది పసిపిల్లల పెళ్ళిళ్ళూ ఉన్నాయి!

ఆ లెక్కల వెనకున్న ఇల్లు ఎలా ఉంటుందో గురజాడ చూపించారు. పెద్దకూతురు బుచ్చమ్మ చిన్నతనంలోనే విధవై పుట్టింటికి చేరింది. తిండికీ నీడకీ లోటు లేదు. కానీ తన బతుకు ఇలా చేసిన తండ్రే చెల్లెలు సుబ్బిని 1,800 రూపాయలకు ముసలి లుబ్ధావధానులుకు కుదిర్చాడు. తల్లి వెంకమ్మ మాట చెల్లక నూతిలో దూకింది. బయటకు తీశారు గానీ పెళ్ళి ఆలోచన మాత్రం మారలేదు.

వితంతు వివాహానికి 1856లోనే చట్టం వచ్చింది. వీరేశలింగం గారు 1881లో రాజమండ్రిలో అలాంటి పెళ్ళి జరిపించారు కూడా. అయినా ఆ చట్టం బుచ్చమ్మ వంటింటి గడప దాకా రాలేదు. వచ్చినవాడు గిరీశం, తమ్ముడికి ఇంగ్లీషు చెప్పే మిషతో! తను వెళ్ళిపోతే చెల్లెలి పెళ్ళి ఆగుతుందన్న ఆశ చూపించి ఆమెను ఒప్పించాడు. ఇన్నాళ్ళూ ఆమె మగవాడి మోజులో పడి లేచిపోయిందనుకునేదాన్ని. చెల్లెలి కోసం గడప దాటిందని ఇప్పుడు తెలిసింది.

చివరికి సౌజన్యారావు ఆమెను పూనాలోని విధవాశ్రమానికి పంపే ఏర్పాటు చేస్తాడు. అక్కడ చదువుకోవచ్చు. తండ్రి ఇల్లూ కాదు, గిరీశం ఇల్లూ కాదు.

ఆడపిల్లకు పుట్టిల్లు ఎప్పుడూ ఉంటుందని మనం ధైర్యం చెబుతుంటాం. నిజమే. కానీ అన్నం పెట్టినంత మాత్రాన సరిపోదు. నలుగురు కూర్చున్నప్పుడు ఆమె మాటా వినాలి. మా అమ్మాయికి నేనలాంటి ఇల్లు ఇవ్వగలుగుతున్నానా అని పుస్తకం మూశాక చాలాసేపు ఆలోచించాను.