పెరుగు, తేనె, దీర్ఘాయువు

మన పెండ్లిండ్లలో వధూవరులు కట్టుకొనే బట్టలను మధుపర్కాలు అంటారు. అసలు మధుపర్కమంటే బట్ట కాదు. పెరుగు, తేనె కలిపిన పదార్థమది. పూజ్యుడైన అతిథి ఇంటికి వచ్చినప్పుడు దానిని అర్పించవలెనని గృహ్యసూత్రాలు విధించాయి. పెండ్లినాడు వరుడు అట్టి అతిథి. దానితోబాటు ఇచ్చే వస్త్రాలకు కాలక్రమాన ఆ పేరు అంటుకొన్నది. పెరుగూ తేనే మరుగున పడ్డాయి.

పెరుగు ఆయుష్షును పెంచునా అను ప్రశ్నను ప్రయోగశాలకు ఎక్కించినవాడు ఇల్యా మెచ్నికాఫ్. ఇతడు 1845లో ఖార్కోవ్ ప్రాంతంలో పుట్టి, 1888 నుండి పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో పనిచేశాడు. రక్తంలోని తెల్లకణాలు రోగక్రిములను మ్రింగివేస్తాయని నిరూపించినందుకు 1908లో పాల్ ఎర్లిఖ్‌తో కలిసి నోబెల్ బహుమానం పొందాడు. ఆ బహుమానం పెరుగును గురించిన పరిశోధనకు వచ్చినదనుకొనుట పొరపాటు.

మెచ్నికాఫ్ ఆలోచన ఇట్లు సాగినది. పెద్దప్రేగులో ఆహారశేషం క్రుళ్ళుతుంది. అందువల్ల పుట్టిన విషాలు రక్తంలో కలిసి ముసలితనాన్ని తెస్తాయి. పచ్చి మాంసం త్వరగా క్రుళ్ళుతుంది కాని పాలు క్రుళ్ళక పులుస్తాయి. కారణం వాటిలో పుట్టే లాక్టిక్ ఆమ్లం. కనుక ఆ ఆమ్లాన్ని పుట్టించే క్రిములను ప్రేగులలో నాటితే క్రుళ్ళు ఆగవలెను. బల్గేరియా పల్లెలలో పెరుగు తిని నూరేండ్లు బ్రతికినవారున్నారన్న వార్త ఆయనకు బలమిచ్చినది. 1905లో స్టామెన్ గ్రిగోరోఫ్ అనే బల్గేరియా యువకుడు, జెనీవాలో వైద్యం చదువుతూ, తన దేశపు పెరుగులో కడ్డీవంటి క్రిమిని సూక్ష్మదర్శినిలో చూశాడు. అదే లాక్టోబాసిల్లస్ బల్గారికస్. 1907లో మెచ్నికాఫ్ గ్రంథం వెలువడగానే యూరపులో పెరుగుకు గిరాకీ పెరిగినది. మందుల షాపులలో ఆ క్రిముల బిళ్ళలు అమ్మసాగారు.

సిద్ధాంతం చక్కనిదే, కాని అన్ని మెట్లూ గట్టివి కావు. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన రెట్గర్, అతని సహచరులు పరీక్షించి, ఈ క్రిమి మానవుని ప్రేగులలో స్థిరపడదని చూపారు. పుట్టిన తేదీ వ్రాసుకొను అలవాటు లేని పల్లెలలో నూరేండ్ల లెక్కను నమ్ముటా కష్టమే. పైగా ఆ రైతులు పెరుగొక్కటే తినలేదు; దినమంతా పొలంలో శ్రమించారు కూడా. మెచ్నికాఫ్ స్వయంగా యేళ్ళ తరబడి పులిసిన పాలు త్రాగాడు. 1916లో 71వ యేట మరణించాడు. ఒక్క మనిషి ఆయువు ఏ సిద్ధాంతాన్నీ కొట్టివేయదు, నిలబెట్టదు.

పండ్లు ఈ కథలోకి వచ్చినది వ్యాపారం దారిన. ఐజాక్ కరాసో 1919లో బార్సెలోనాలో పెరుగు తయారీ ప్రారంభించి, తన కొడుకు డేనియల్ ముద్దుపేరు మీద దానికి డానోన్ అని పేరు పెట్టాడు. మొదట అదీ మందుల షాపులలోనే అమ్ముడయినది. పుల్లని పెరుగు అమెరికావారి నాలుకకు రుచించలేదు. 1947లో అక్కడి డానన్ కంపెనీ గిన్నె అడుగున పండ్ల పాకం వేసి అమ్మగా గిరాకీ హెచ్చినది. (ఆ డేనియల్ 2009లో 103వ యేట మరణించాడు. పైన చెప్పిన మాటే ఇక్కడా వర్తిస్తుంది.)

మరి నేటి శాస్త్రం ఒప్పుకొన్నదేమి? 100 గ్రాముల పెరుగులో సుమారు 3.5 గ్రాముల మాంసకృత్తులు, 120 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటాయి. సి విటమిన్ దాదాపు లేదు, పీచు అసలే లేదు. ఆ రెండూ జామ, బొప్పాయి వంటి పండ్లు ఇస్తాయి. పాలు అరగనివారికి సజీవ క్రిములున్న పెరుగు మేలు, ఏలయన ఆ క్రిములు లాక్టోజ్‌ను విడగొట్టుటకు తోడ్పడతాయి. ఈ ఒక్క విషయాన్ని యూరపు ఆహార భద్రతా సంస్థ 2010లో అంగీకరించినది. తేనె మాటకు వస్తే, అందులో నూటికి 80 పాళ్ళు చక్కెరలే. విటమిన్లు లెక్కకు రావు. రుచికి చెంచాడు చాలును. ఏడాది నిండని శిశువుకు మాత్రం తేనె నాకించరాదు. అందులో బొటులిజం క్రిమి సిద్ధబీజాలు ఉండవచ్చును. పెద్దల ప్రేగులలో అవి మొలకెత్తవు గాని, పసివారి ప్రేగులలో మొలకెత్తి విషాన్ని పుట్టిస్తాయి. ఈ వ్యాధిని 1976లో గుర్తించారు.