జేబులో పట్టే మారువేషం

రూపం మార్చుకునే రోబో బొమ్మల చరిత్ర అనగానే ఒకే కథ వినిపిస్తుంది. జపాన్ టీవీలో మహాకాయ రోబోలు పుట్టాయి, బొమ్మల కంపెనీలు వాటిని పిల్లల చేతికి అందేలా కుదించాయి, 1984లో అమెరికాకు చెందిన హాస్‌బ్రో వాటికి ట్రాన్స్‌ఫార్మర్స్ అని పేరు పెట్టి లోకమంతా అమ్మింది. ఈ లెక్కన చిన్న రోబో అంటే పెద్దదానికి నకలు, పెద్దది కొనలేని ఇంటికి సరిపెట్టే సరుకు. ఇందులో అబద్ధమేమీ లేదు గానీ, ఒక ముఖ్యమైన పాయ కలవలేదు. ఆ పాయను చూడాలంటే క్యాసెట్‌గా మారే ఒక బొమ్మను చేతిలోకి తీసుకోవాలి.

మొదటి అంకాలు అందరికీ తెలిసినవే. 1974లో పాపీ కంపెనీ టీవీ రోబో మజింగర్ జడ్‌ను లోహంతో పోతపోసి అమ్మింది. మరుసటి ఏడు పక్షిగా మారే రైడీన్ వచ్చింది. 1982లో షోజి కవామోరి రూపకల్పన చేసిన మాక్రాస్ యుద్ధవిమానం కాళ్ళు చాపి రోబోగా నిలబడింది. ఇవన్నీ నిజంగానే పెద్దవాటికి చిన్న బొమ్మలు.

టకారా కంపెనీ దారి వేరు. అదే 1974లో అది తెచ్చిన మైక్రోమ్యాన్ బొమ్మ ఎత్తు సుమారు 10 సెంటీమీటర్లు. కథలో కూడా ఆ వీరుడి ఎత్తు అంతే. మన మధ్య, మన వస్తువుల చాటున తిరిగే బుల్లి మనిషి వాడు. ఆడుకునే పిల్లవాడు ఏ కొలతనూ మనసులో పెంచుకోనక్కర్లేదు. 1980లో టకారాయే మొదలుపెట్టిన డయాక్లోన్ దీనికి పూర్తిగా ఎదురు. అందులో వేలెడంత లేని చోదకుడు రోబో లోపల కూర్చుంటాడు. వాడు మనిషైతే వాడు నడిపే రోబో మేడంత ఉండాలి. ఒకే కంపెనీలో, కొద్ది ఏళ్ళ తేడాలో, రెండు కొలమానాలు.

అసలు మలుపు 1983లో మైక్రోమ్యాన్ వరుసలోనే వచ్చిన మైక్రో చేంజ్. ఇక్కడ రోబోలు దాక్కునేది ఇంటి సామాన్లలో: తుపాకీ, కెమెరా, సూక్ష్మదర్శిని, క్యాసెట్ ప్లేయర్. క్యాసెట్ ప్లేయర్ మూత తీస్తే లోపల ఉండే క్యాసెట్ కూడా రోబోయే. ఆ క్యాసెట్లది కార్యాలయాల్లో మాటలు రికార్డు చేసుకునే మైక్రోక్యాసెట్ కొలత. అంటే బొమ్మ దేన్నీ కుదించలేదు. వస్తువు ఎంతో వేషమూ అంతే.

ఈ వరుసలో వచ్చిన బుల్లి కార్లను చాలామంది 'ముద్దుగా కుదించిన కార్లు' అంటారు. తర్వాత బంబుల్‌బీ అని పేరు తెచ్చుకున్న ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ వాటిలో ఒకటి. దాని పొట్టి, గుండ్రటి ఒళ్ళు చూడండి: అది రోడ్డు మీది బీటిల్ కాదు, టకారా అప్పటికే అమ్ముతున్న చోరో-క్యూ తరహా ఆటబొమ్మ కారు. రోబో వేసుకున్నది కారు వేషం కాదు, బొమ్మకారు వేషం. కనుక అక్కడా కొలత తప్పలేదు.

హాస్‌బ్రో మైక్రో చేంజ్, డయాక్లోన్ పాయలు రెండింటినీ ఒకే పేరు కింద కలిపింది. మార్వెల్ కామిక్స్ రచయిత బాబ్ బుడియాన్‌స్కీ చాలా పాత్రలకు పేర్లు, స్వభావాలు ఇచ్చాడు. కలిపిన చోట అతుకు మాత్రం కనబడుతూనే ఉంది. ట్రాన్స్‌ఫార్మర్స్ కార్టూన్‌లో, మైక్రో చేంజ్ నుంచి వచ్చిన మెగాట్రాన్ తుపాకీగా మారి తోటి రోబో పిడికిట్లో ఇమిడిపోతాడు, క్యాసెట్ ప్లేయర్ రోబో సౌండ్‌వేవ్ బల్లమీద పెట్టుకునే ప్లేయరంత అవుతాడు. ఆ పెరగడం, తరగడం ఎలాగో ఎవరూ చెప్పరు. వస్తువు అసలు కొలతలోనే ఉన్న బొమ్మను మేడంత రోబోల పక్కన నిలబెట్టాల్సి రావడమే ఈ వింతకు కారణమని నా వాదన.

దీనికి రెండు అభ్యంతరాలున్నాయి. ఆప్టిమస్ ప్రైమ్‌తో సహా తొలి ట్రాన్స్‌ఫార్మర్లలో ప్రధానమైనవి డయాక్లోన్ నుంచే వచ్చాయి. ఆ పేరు నిలబడింది వాటి మీదే, కాదనను. రెండోది, బొమ్మ చిన్నదవడానికి కారణం ధరేనన్నది. బండాయ్ 1982లో మెషిన్ రోబో వరుసను 600 యెన్‌ల ధరకే తెచ్చింది. టోంకా కంపెనీ అమెరికాలో అమ్మిన గోబాట్లు అవే. వాటిని ట్రాన్స్‌ఫార్మర్లకు నకళ్ళని ఈసడించేవాళ్ళు ఈ తేదీ చూసుకోవాలి. అయినా అవి విమానాన్నో మోటారు సైకిల్‌నో కుదించినవే. బొమ్మ ఎంత ఉండాలో ధర తేల్చగలదు గానీ, దేనిలో దాక్కోవాలో తేల్చలేదు.

ఇక క్యాసెట్ బొమ్మ. పలకలాంటి దీర్ఘచతురస్రం నుంచి నాలుగు కాళ్ళు విప్పుకుని చిరుత లేస్తుంది. రెక్కలు విప్పుకుని డేగ లేస్తుంది. పక్కనుంచి చూస్తే చిరుతకు ఒళ్ళే లేదు, అట్టముక్క నడుస్తున్నట్టుంటుంది. తూటాలు, తుపాకులు క్యాసెట్‌లో ఇమడవు, విడిగా తగిలించాలి. అజ్ఞాతవాసానికి వెళ్తూ పాండవులు ఆయుధాలను జమ్మిచెట్టు మీద దాచినట్టే. కాకపోతే పిల్లవాడికి జమ్మిచెట్టు లేదు, అవి మంచం కింద పోతాయి. లోపాలు లోపాలే. అయినా ఇంత పలచని ఒంట్లో మరో జీవిని ఇమిడ్చిన పని, పెద్ద బొమ్మల్లో నాకు కనబడలేదు.

నేటి సంగతి అంత సంతోషంగా లేదు. 2007 ట్రాన్స్‌ఫార్మర్స్ సినిమా తర్వాత పెద్ద బొమ్మల్లో మడతలు, కీళ్ళు విపరీతంగా పెరిగాయి. చిన్నవి తెరమీది పాత్రకు పొట్టి ప్రతులయ్యాయి. రోబో ఛాతీ మీద కనిపించే కారు అద్దాలు చాలాసార్లు కారువి కావు, విడిగా అతికించిన నకిలీలు. మారువేషం పోయి ముఖానికి తొడుగు మిగిలింది. 2018 సినిమాలో బంబుల్‌బీ మళ్ళీ బీటిల్ అయ్యాడు గానీ, ఈసారి రోడ్డు మీది కారే, బొమ్మకారు కాదు. టకారా టోమీ అప్పుడప్పుడు కంప్యూటర్‌కు తగిలించే మెమరీ కడ్డీలోనూ కెమెరాలోనూ రోబోను దాచింది. ఆ తెలివి ఇంకా బతికే ఉంది, వరుసగా మాత్రం సాగలేదు.

క్యాసెట్ కాలం పోయింది కనుక ఆ బొమ్మ కాలమూ పోయిందంటే ఒప్పుకోను. ఇంటి బల్ల మీద ఛార్జరు ఉంది, రిమోట్ ఉంది, చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోన్ల డబ్బా ఉంది. ఈ బొమ్మను తూచడానికి నాకు తెలిసిన పరీక్ష ఒకటే. దాన్ని ఆ సామాన్ల మధ్య పెట్టాలి. బల్ల తుడవడానికి వచ్చినవాళ్ళు దాన్ని బొమ్మని తెలియకుండానే పక్కకు జరిపి తుడుచుకుపోవాలి. 1983 నాటి క్యాసెట్ తన కాలపు బల్ల మీద ఈ పరీక్ష నెగ్గేది.