చౌమహల్లాలో ఒక ప్రశ్న

పోయిన ఏడాది మా హాస్టల్ పిల్లల్ని హైదరాబాద్ తీసుకెళ్లి చౌమహల్లా ప్యాలెస్ చూపించాను. బస్సులో పాటలతో చెవులు దిబ్బెళ్లు వేయించినవాళ్లు ఖిల్వత్ దర్బారు హాలులో అడుగుపెట్టగానే నోరు మూసేశారు. పైన 19 బెల్జియం షాండ్లియర్లు. కింద పాలరాతి వేదిక. నిజాంలు కొలువుతీరింది ఆ వేదిక మీదే.

ఏడో తరగతి పిల్ల ఒకతి నా పక్కకొచ్చి మెల్లగా అడిగింది: "మేడమ్, మన కుమురం భీం ఫొటో ఇక్కడ ఏ గదిలో ఉంది?"

మేం తిరిగిన గదుల్లో నాకైతే కనిపించలేదు. "తర్వాత చెప్తాలే" అని దాటేశాను. ఆ బాకీ ఇక్కడ తీరుస్తున్నాను.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఆ ప్యాలెస్‌కు 1750లో సలాబత్ జంగ్ పునాది వేయించాడు. ఐదో నిజాం అఫ్జలుద్దౌలా కాలంలో పూర్తయింది. చౌమహల్లా అంటే నాలుగు మహళ్లు. ఇది గైడ్ చెప్తాడు. గైడ్ చెప్పని సంగతి ఒకటుంది. పునాది పడ్డ మరుసటి ఏడాది, 1751లో, చాందా గోండు రాజ్యం నాగపూర్ భోంస్లేల చేతికి పోయింది. చంద్రపూర్ కోటగోడలు మనవాళ్లు కట్టినవే, ఇప్పటికీ నిలిచే ఉన్నాయి. షాండ్లియర్లు చూసి మనం చిన్నబోవాల్సిన పనిలేదు.

ఇక భీం సంగతి. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఉండేది కింగ్ కోఠీలో. చౌమహల్లా దర్బారులకు, వేడుకలకే. ఆయన పాలనలో మన అడవిని రిజర్వు చేశారు. తాతల నాటి చేను సర్కారుదన్నారు. పశువుల మేతకూ పన్ను అడిగారు. పట్టా కాగితాలు మాత్రం బయటి నుంచి వచ్చినవాళ్లకు దొరికాయి. భీం ఎదురు తిరిగాడు. 1940లో జోడేఘాట్‌లో పోలీసులు కాల్చి చంపారు.

ఆ తర్వాతే సర్కారుకు మనం కనబడ్డాం. మనవాళ్లెందుకు తిరగబడ్డారో తెలుసుకోవడానికి హైమండార్ఫ్‌ను పంపింది. ఆయన ఊరూరా తిరిగి రాసిన నివేదికల వల్ల ఎందరికో పట్టాలొచ్చాయి. 1943లో మార్లవాయిలో గోండు యువకులకు టీచర్ ట్రైనింగ్ మొదలైంది. గోండీలో వాచకాలు తయారయ్యాయి. నేనూ టీచర్ ట్రైనింగ్ చేసినదాన్నే. కానీ చదివినన్నాళ్లూ ఏ పాఠంలోనూ మార్లవాయి పేరు వినలేదు. మా నానమ్మ చెప్తేనే తెలిసింది. అది ఇప్పటికీ నాకు కష్టంగానే ఉంటుంది.

ప్యాలెస్ చూడొద్దని నేననను. తప్పకుండా చూడండి, బాగుంటుంది. మా పిల్లలైతే పసుపుపచ్చ రోల్స్ రాయిస్ కారును వదిలి రాలేదు. ఆ కారు చుట్టూ తిరిగేటప్పుడు మేత పన్ను కూడా గుర్తుంచుకోండి, అంతే.

ఆ పిల్ల ఇంకా అడుగుతూనే ఉంది. వచ్చే ఆశ్వయుజ పౌర్ణమికి భీం వర్ధంతికి జోడేఘాట్ తీసుకెళ్తానని, కిటికీ పక్క సీటు తనకే ఇస్తానని మాటిచ్చాను.