మిర్రర్ సర్వర్లు: నకలును నమ్మేదెలా?

మీరు ఆత్మకూర్‌లో చదువుతున్న ఈ పుస్తకం మరెక్కడో అచ్చయి, అధ్యయన కేంద్రం మీదుగా మీ చేతికి వచ్చింది. ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ చరిత్రలోనూ మొదటి చిక్కు దూరమే.

1985లో రిచర్డ్ స్టాల్‌మన్ తన ఈమాక్స్ ప్రోగ్రామును టేపు మీద నకలు చేసి, 150 డాలర్లకు పోస్టులో పంపేవారు. నెట్‌వర్కు ఉన్నవారు మాత్రం ఎఫ్‌టీపీ సర్వరు నుంచి నేరుగా దించుకునేవారు. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్‌ను ఉంచింది ఫిన్లాండులోని అలాంటి సర్వరులోనే. అడిగేవారు పెరిగాక ఒక్క సర్వరు చాలలేదు. విశ్వవిద్యాలయాలు తమ వద్దే పూర్తి నకలు ఉంచి పంచసాగాయి. దానినే మిర్రర్ అంటాం. మన దేశంలో మద్రాసు, కాన్పూర్ ఐఐటీలు మిర్రర్లు నడిపాయి.

ప్రజలకు ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్ ద్వారా అందింది. 28.8 కిలోబిట్ల మోడెమ్ పూర్తి వేగంతో నడిచినా, 650 మెగాబైట్ల సీడీని దించడానికి రెండు రోజులకు పైనే పడుతుంది. నడిరాత్రి లైను తెగి, పని మళ్లీ మొదటికి వచ్చిన సందర్భాలు నాకింకా గుర్తే. అందుకే పీసీ క్వెస్ట్ పత్రికతో వచ్చిన లినక్స్ సీడీకి అంత గిరాకీ.

1996లో ట్రిడ్జెల్, మెకెరాస్ రూపొందించిన ఆర్‌సింక్ మారిన భాగాన్ని మాత్రమే పంపుతుంది. మన గొలుసుకట్టు చెరువులు తెలుసు కదా? పై చెరువు అలుగు పారితే కిందిది నిండుతుంది. ప్రధాన సర్వరు నుంచి పెద్ద మిర్రర్లకు, వాటి నుంచి చిన్నవాటికి సాఫ్ట్‌వేర్ అలాగే దిగుతుంది. కాకపోతే ఇక్కడ పైన ఏమీ తరగదు. డెబియన్ మిర్రర్లలో ముందు ఫైళ్లు, ఆ తర్వాతే వాటి పట్టిక చేరాలి. వరుస తప్పితే పట్టిక లేని ఫైలును చూపుతుంది.

అసలు గండం 2003లో వచ్చింది. గ్నూ ఎఫ్‌టీపీ సర్వరులోకి ఎవరో చొరబడ్డారని ఆగస్టులో బయటపడింది. నవంబరులో డెబియన్ సర్వర్లకూ అదే గతి. ఫైళ్లు చెడలేదని నిర్ధారించుకోవడానికి సరిచూడాల్సి వచ్చింది. మూలమే కలుషితమైతే మిర్రర్లు ఆ విషాన్నే నమ్మకంగా ఊరూరా చేరుస్తాయి. 2007లో వచ్చిన డెబియన్ 4.0 నుంచి, ప్రతి ఫైలు చెక్‌సమ్ ఉన్న పట్టిక మీది డిజిటల్ సంతకాన్ని మీ కంప్యూటరే పరీక్షిస్తుంది. ఇక మిర్రర్ నడిపేది ఎవరన్నది అంత ముఖ్యం కాదు. నా దృష్టిలో మిర్రర్ల చరిత్రలో పెద్ద మలుపు ఇదే, వేగం పెరగడం కాదు. అయితే పాతబడిన నకలు మీదా సంతకం సరిగ్గానే ఉంటుంది. భద్రతా సవరణలకు డెబియన్ వేరే సర్వరును నడపడానికి ఇదొక కారణం.

హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్‌ను నిర్మించింది డెబియన్ మీదే. అలాంటిదాన్ని మిత్రుడి పెన్‌డ్రైవ్ నుంచి తెచ్చుకుంటే, ఆ పెన్‌డ్రైవ్ కూడా ఒక మిర్రరే. చెక్‌సమ్‌ను మాత్రం అదే పెన్‌డ్రైవ్ నుంచి తీసుకోకండి. ప్రచురణకర్త వెబ్‌సైటులోనే చూడండి. ఒక్క అక్షరం తేడా ఉన్నా ఆ నకలును చెరిపేయండి.