ఆదోని ఫిరంగిమందు, అంతరిక్షపు మంట

విజ్ఞానకల్పన చిత్రాల అభిమానుల మధ్య ఎన్నటికీ తెగని తగవు ఒకటున్నది: అంతరిక్షంలో ఓడ పేలితే మంట ఎలా లేస్తుంది, మోత ఎలా వినబడుతుంది? 1977 నాటి 'స్టార్ వార్స్'లో మోతలకు కొదవ లేదు. 1968 నాటి '2001: ఎ స్పేస్ ఒడిస్సీ' శూన్యంలో మౌనం పాటించింది. మోత విషయంలో న్యాయం రెండవదానిదే. మంట విషయంలో మాత్రం ఆక్షేపకులు తొందరపడ్డారనిపిస్తుంది.

"గాలి లేనిచోట మంటేమిటి?" అనేవారు ఆదోని కోటను తలచుకోవాలి. 1786లో టిప్పు సుల్తాను దానిని ముట్టడించి పట్టుకొని, ప్రాకారాలను కూల్పించాడు. ఆనాటి ఫిరంగులలో దట్టించిన మందు సురేకారం, గంధకం, బొగ్గుల మిశ్రమం. బిగించిన గొట్టంలో గాలి ఎంత గనుక? మండడానికి కావలసిన ప్రాణవాయువును సురేకారమే ఇస్తుంది, శూన్యంలోనూ ఇస్తుంది. అయితే ఆ మంట తెరమీద వలె సుడులు తిరుగుతూ పైకి లేవదు. అన్ని దిక్కులకూ చెదరి, క్షణంలో మాయమవుతుంది. మనం చూసే ఎర్రని జ్వాల పెట్రోలు చలవ, భూమిమీది గాలి చలవ.

దీనికి చరిత్రలో సాక్ష్యమున్నది. 1962 జూలై 9న అమెరికా పసిఫిక్ సముద్రం మీద సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున 1.4 మెగాటన్నుల అణ్వస్త్రాన్ని పేల్చింది. దాదాపు 1,450 కిలోమీటర్ల దూరాన హవాయిలో ఆకాశం రంగులు మారింది, కొన్ని వీధిదీపాలు ఆరిపోయాయి. పుట్టగొడుగు మేఘం మాత్రం లేదు.

ఇంతకూ భూమిమీది పేలుళ్లనైనా తెర సరిగా చూపిందా? ఆదోని కొండమీద ఫిరంగి పేలితే, కిలోమీటరు దూరాన ఉన్నవానికి ముందు పొగ కనబడుతుంది, మూడు సెకన్లకు గాని మోత వినబడదు. ఆదోనిలోనైనా ఎమ్మిగనూరులోనైనా సినిమా హాలులో ఆ రెండూ ఒక్కసారే వస్తాయి. దానిమీద తగవు పడినవారు నాకింతవరకు తారసపడలేదు!