చెప్పులో దూరిన రాయి

ఆంగ్లమున "స్క్రూపుల్" అను పదమొకటి గలదు. నిఘంటువు తెరచినచో సంకోచము, శంక అను నర్థములు కానవచ్చును. కాని పిరికివాని జంకునకు ఆంగ్లేయులీ పదమును వాడరు. చేయబోవు పని ధర్మమా కాదా యని మనస్సు వెనుకాడునపుడే వాడుదురు. మనకో, నలుగురేమందురో యను భయమును సంకోచమే, ఇది తప్పేమో యను వేదనయు సంకోచమే. 1881లో రాజమహేంద్రవరమున వీరేశలింగముగారు మొదటి వితంతు వివాహమును జరిపించినపుడు పలువురు వెనుదీసినది ధర్మశంకచేత గాదు, వెలివేయుదురను భయముచేత. ఆ భయమునకును ధర్మశంకకును ఒకే పేరుండుట పిరికితనమునకు మంచి ముసుగైనదని మా యభిప్రాయము.

లాటిను భాషలో "స్క్రూపుస్" అనగా వాడియైన రాయి. "స్క్రూపులుస్" అనగా అట్టి చిన్న రాయి. మనస్సును గ్రుచ్చు శంకకును రోమనులు ఈ పేరే పెట్టిరి. ఈ పోలిక తెలుగువారికి క్రొత్త గాదు. వేమన చెప్పులో దూరిన రాతిని, ఇంటిలోని కలహముతోపాటు, చెప్పనలవిగాని బాధలలో చేర్చియున్నాడు గదా!

ఈ పదమునకు తూనికలలోను ఒక బంధువు గలదు. రోమను ఔన్సులో 24వ పాలునకు దీనితో కలిసిపోయిన పేరే యుండెను. ఆంగ్లేయుల మందుల తూనికలో 20 గ్రెయినులు ఒక స్క్రూపుల్. మన తులము 180 గ్రెయినులు గనుక, 9 స్క్రూపుళ్లు ఒక తులమగును. చేతికి బరువే తెలియదు. అయినను ఘాటైన మందు అంత హెచ్చినచో రోగికి ప్రాణాపాయము. మెట్రిక్ కొలతలు వచ్చిన పిదప ఆ తూనిక మరుగుపడి, మనస్సులోని శంకకు మాత్రమే పేరు మిగిలినది.

అయితే ఈ రాయి సజ్జనుల చెప్పులలోనే దూరునని తలపరాదు. క్రీ. పూ. 80లో సిసిరో, 26 ఏండ్ల ప్రాయమున, సెక్స్టస్ రోసియస్ అనువాని పక్షమున వాదించెను. రోసియస్ తండ్రి హత్యకు గురికాగా, 60 లక్షల సెస్టెర్సుల యాస్తిని సుల్లా దాసుడైయుండి విడుదలపొందిన క్రిసోగొనస్ 2,000 సెస్టెర్సులకే కొనెను. కుమారుడు బ్రతికియున్నంతకాలము ఆ సొమ్ము తనకు దక్కునో దక్కదో యను శంక వానిని రేయింబవళ్లు పొడుచుచుండెననియు, కుమారునిపై తండ్రిని చంపిన నేరము మోపి, ఆ ముల్లును తన మనస్సునుండి పెరికివేయుడని న్యాయాధిపతులనే కోరుచున్నాడనియు సిసిరో యెత్తిపొడిచెను. అక్కడ వాడిన మాట స్క్రూపులుస్ అనునదే. రాయి గ్రుచ్చుకొన్నపుడు చెప్పు విడిచి దులుపుకొనువారు కొందరు. దారినిపోవు వానిని కొట్టించువారు కొందరు.

చెప్పు విడిచిన వానిని గూర్చియు చెప్పవలెను. అమెరికాలోని న్యూజెర్సీలో 1720లో పుట్టిన జాన్ వూల్మన్ క్వేకరు మతస్థుడు. యౌవనమున ఒక దుకాణమున పనిచేయుచుండగా, యజమాని తన నీగ్రో దాసిని అమ్మి, విక్రయపత్రము వ్రాయుమనెను. కొన్నవాడు ఎదుటనే నిలిచియుండెను. వూల్మన్ మనస్సు కలత చెందెను, అయినను వ్రాసెను. బానిసలనుంచుకొనుట క్రైస్తవ ధర్మమునకు విరుద్ధమని మాత్రము ఆ యిరువురితోను చెప్పెను. కొంతకాలమునకు మరియొక యువకుడు అట్టి పత్రమునే కోరగా, ఈమారు వ్రాయననెను. ఇదంతయు అతడు దాపరికము లేక తన దినచర్య గ్రంథమున వ్రాసికొన్నాడు. మొదట వ్రాసితినని యొప్పుకొనుటయే మాకు మిక్కిలి నచ్చిన భాగము.

తరువాత బానిసల శ్రమతో వచ్చిన చక్కెరను మానెను. రంగుబట్టలు కట్టుటయు మానెను. ఈ రెండవది కొంత అతి యేమో యని మాకును తోచును. ఊరూర తిరిగి, బానిసలుగల క్వేకర్ల యిండ్లలో కూర్చుండి, కలహింపక మాటలాడెను. 1758లో ఫిలడెల్ఫియా వార్షిక సభ ఈ పనికై కొందరిని నియమింపగా, వారిలో అతడొకడు. 1776లో ఆ సభయే బానిసలను విడువనివారిని సభ్యత్వమునుండి తొలగింప నిశ్చయించెను. వూల్మన్ అంతకు నాలుగేండ్ల ముందే, 1772లో, ఇంగ్లండునందలి యార్కు పట్టణమున మశూచిచే మరణించియుండెను.