గుర్తున్న రాజీనామా, మరచిన వంతెన

రైలు ప్రమాదం జరిగిన ప్రతిసారీ పార్లమెంటులో లాల్‌బహదూర్ శాస్త్రి పేరు మారుమ్రోగుతుంది. ప్రతిపక్షంలో ఏ పార్టీ ఉన్నా అస్త్రం అదే. ఆయన ఎందుకు రాజీనామా చేశారన్నది అందరికీ తెలుసు. అరియలూరు దగ్గర ఆ వంతెన ఎందుకు కూలిందని అడిగితే మాత్రం సభలో సగంమంది తెల్లమొహం వేస్తారు.

ఆ కథ తెలుగునేల మీదే మొదలైంది. 1956 సెప్టెంబరు 2న జడ్చర్ల, మహబూబ్‌నగర్‌ల మధ్య రైలు కింద వంతెన కూలి నూరుమందికి పైగా చనిపోయారు. అప్పటికింకా అది హైదరాబాద్ రాష్ట్రమే. ఆంధ్రప్రదేశ్ అవతరణకు రెండు నెలల వ్యవధి ఉంది. శాస్త్రి రాజీనామా ఇచ్చారు, నెహ్రూ వద్దన్నారు. మూడు నెలలు తిరగకముందే, నవంబరు 23న, మద్రాసు రాష్ట్రంలోని అరియలూరు వద్ద వరద మరో వంతెనను తీసుకుపోయింది. ఈసారి నెహ్రూ రాజీనామాను ఆమోదిస్తూ, తప్పు శాస్త్రిది కాదనీ, రాజ్యాంగ మర్యాద కోసమే ఆమోదిస్తున్నాననీ సభకు చెప్పారు. తప్పు ఆయనది కానప్పుడు మరెవరిదన్న ప్రశ్న ఆ మర్యాద చాటున కనుమరుగైంది.

ప్రవాహం వంతెనను పైనుంచి పడగొట్టడం తక్కువ. స్తంభం పాదాల చుట్టూ ఇసుకను, మట్టిని కోసుకుంటూ పోతుంది. లేదా కట్టను తెంపి పట్టాలను గాలిలో వేలాడదీస్తుంది. పైన చూసేవారికి అంతా మామూలుగానే ఉంటుంది. పునాది ఎంత లోతున ఉంది, కానా వెడల్పు ఏ వరదను లెక్కించి పెట్టారు, ఎగువన ఎన్ని చెరువులున్నాయి అన్నవే దర్యాప్తు తేల్చవలసిన విషయాలు. చిక్కేమిటంటే వరదే సాక్ష్యాన్నీ మోసుకుపోతుంది. మిగిలిందాన్ని మార్గం పునరుద్ధరించాలన్న తొందర తుడిచేస్తుంది.

2005 అక్టోబరు 29 తెల్లవారుజామున వలిగొండ దగ్గర జరిగిందదే. చెరువు తెగి, ఆ నీరు చిన్న రైలు వంతెనను కొట్టుకుపోగా, డెల్టా ప్యాసింజర్ అందులో పడింది. నూటపదిమందికి పైగా మరణించారు. ఆ సాయంత్రమే కరోల్‌బాగ్‌కు కూతవేటు దూరంలోని పహాడ్‌గంజ్‌లోనూ, సరోజినీనగర్‌లోనూ బాంబులు పేలాయి. రాజధాని దృష్టి అటు మళ్ళింది. చెరువు నీటిపారుదల శాఖది, వంతెన రైల్వేది. ఒకరి చెరువు తెగితే మరొకరి వంతెనకు కబురు ఎలా అందాలన్నది ఏ మంత్రి రాజీనామాతోనూ తేలే విషయం కాదు.

రైల్వేకు ఒక మంచి సంప్రదాయమైతే ఉంది. రైళ్ళు నడిపేవారే ప్రమాదానికి తీర్పరులు కాకూడదని 1941లోనే తనిఖీ అధికారులను రైల్వే బోర్డు నుంచి వేరుచేశారు. నేటి రైల్వే భద్రతా కమిషన్ పౌర విమానయాన శాఖ కింద ఉండటానికి మూలం అదే.

2005 డిసెంబరు 31న పూసా రోడ్డు మీదుగా కరోల్‌బాగ్‌కు మెట్రో వచ్చింది. నేల మీది వంతెనకు వరద భయం లేదు. దాని బలహీనత కాంక్రీటులో, ఉక్కులో, గీసిన పటంలో ఉంటుంది. 2009 జులై 12 తెల్లవారుజామున దక్షిణ దిల్లీలోని జమ్రుద్‌పూర్‌లో, నిర్మాణంలో ఉన్న మార్గంలో 67వ స్తంభం తలభాగం విరిగింది. గర్డర్ కూలి ఆరుగురు చనిపోయారు. కాకినాడ ఇంజనీరింగ్ కళాశాలలో చదివిన ఇ. శ్రీధరన్ అదేరోజు రాజీనామా చేశారు. షీలా దీక్షిత్ ఒప్పుకోలేదు. టీవీ తెరలన్నీ దానికే సరిపోయాయి.

ఇక్కడ శకలాలు మిగిలాయి కనుక దర్యాప్తుకు పట్టు దొరికింది. స్తంభం నుంచి ఒకపక్కకు చేయిలా చాచిన భాగానికి బరువు పడితే పైభాగం సాగుతుంది. ఆ లాగుడును తట్టుకోవలసింది పైనున్న ఉక్కు కడ్డీలు, వాటిని పట్టి ఉంచే కాంక్రీటు. మెట్రో సంస్థ నియమించిన, దిల్లీ ఐఐటీ ఆచార్యుడు ఎ.కె. నాగ్‌పాల్ నాయకత్వంలోని సంఘం రూపకల్పనలోనూ, కాంక్రీటు బలంలోనూ లోపాలున్నాయని తేల్చింది. ఆ స్తంభం మీద పగుళ్ళు నెలల ముందే కనబడ్డాయి. పని ఆపారు, మళ్ళీ మొదలుపెట్టారు.

నా దృష్టిలో అసలు వార్త ఆ ‘మళ్ళీ’ అన్న మాటలో ఉంది. ఏ లెక్క చూసి, ఎవరి సంతకంతో మొదలుపెట్టారని అడగవలసిన సభల్లో రాజీనామా గురించే చర్చ జరిగింది. 2010 అక్టోబరు 3న, కామన్వెల్త్ క్రీడల ప్రారంభం రోజునే, ఆ మార్గం సరితా విహార్ వరకు తెరుచుకుంది.